కొత్త తరం సెడాన్ కోసం ఆగాలా, ఉన్నది కొనేయాలా?

మీకు నచ్చిన ఫ్యామిలీ సెడాన్ కొత్త రూపులో వస్తోందంటే మొదలయ్యే తర్జనభర్జన ఇది.

ధర: పాత తరం చివరి బండ్ల మీద డీలరే బేరానికి దిగివస్తాడు. కొత్తది వచ్చిన మొదట్లో ఆ మాటే ఎత్తనివ్వడు. కాకపోతే తిరిగి అమ్మేటప్పుడు పాత రూపుకు విలువ తగ్గుతుంది.

రిస్క్: కొత్త మోడల్‌లో అన్నీ కొత్తవి కావు. 2025 టయోటా కామ్రీనే చూడండి. ముఖం, డ్యాష్‌బోర్డు మారాయి గానీ ప్లాట్‌ఫామ్ (బండి అడుగు నిర్మాణం), 2.5 లీటర్ల ఇంజిన్ ముందు తరం నుంచి వచ్చినవే. అలాంటప్పుడు పెద్ద భయం అక్కర్లేదు. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కొత్తవైతే మాత్రం నేనైతే ఏడాది ఆగుతాను.

పోయేవి: ఇది చాలామంది చూడరు. ఆ మార్పుతోనే అమెరికాలో కామ్రీకి వీ6 (ఆరు సిలిండర్ల పెద్ద ఇంజిన్) పోయి, అంతా హైబ్రిడ్ అయింది. అక్కడే హోండా అకార్డ్‌లో వీ6 2018లోనే పోయింది, 2023లో 2.0 లీటర్ల టర్బో ఇంజిన్ కూడా.

శ్రమ: ఉన్నదాన్ని ఇవాళే నడిపి, వెనక పిల్లల సీటు బిగించి చూడొచ్చు. రాబోయేదానికి ఫొటోలే గతి.

పదేళ్లు వాడేవాళ్లకు, పాత ఇంజిన్ మీద మనసున్నవాళ్లకు ఉన్నదే లాభం. మూడు నాలుగేళ్లకే మార్చేవాళ్లు, హైబ్రిడ్ కావాలనేవాళ్లు ఆగొచ్చు. బండి వెంటనే కావాలి, పాతది వద్దు అంటారా? పోటీ కంపెనీ షోరూమ్‌కి వెళ్లండి.