స్టీలు ప్లేటా, అల్యూమినియం ప్లేటా? అండమాన్ నీళ్లకి ఏది మేలు

అద్దె జాకెట్లతో (నీళ్లలో తేలడాన్ని అదుపు చేసుకోవడానికి గాలి నింపుకునేవి) కొన్నాళ్లు స్కూబా డైవ్ చేశాక సొంత సెట్టు కొనాలన్న ఆలోచన రాని వాళ్లు తక్కువ. ఆ వెతుకులాటలో బ్యాక్‌ప్లేట్-వింగ్ అన్న మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. చూడటానికి పెద్ద హంగేమీ ఉండదు. వీపుకి ఆనుకుని ఒక లోహపు ప్లేటు, దాని కంతల్లోంచి ఎక్కించిన ఒకే పొడుగాటి నైలాన్ పట్టీ, ప్లేటుకీ సిలిండర్‌కీ మధ్య గాలి నింపుకునే సంచి, అదే వింగ్. ఫ్లోరిడాలో నీటి గుహలు ఈదే డైవర్లు, వాళ్లలో ముఖ్యంగా విలియం హోగార్త్ మెయిన్, అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ తేల్చిన పద్ధతి ఇది. ఇప్పుడు గుహల ఊసే లేకుండా పగడపు దిబ్బల (రీఫ్) దగ్గర దిగే డైవర్లు కూడా వాడుతున్నారు.

జాకెట్ ఉండగా ఇదెందుకు అంటే, నీటి లోపల ఒళ్లు అడ్డంగా నిలవడానికి. జాకెట్‌లో గాలి నడుము చుట్టూ, పక్కటెముకల పక్కన చేరుతుంది. కాళ్లు కిందికి దిగి, పాదాలకి తొడిగిన ఫిన్ కొట్టినప్పుడల్లా ఇసుక రేగుతుంది. వింగ్‌లో గాలి అంతా వీపు మీదే కాబట్టి బోర్లా పడుకున్నట్టు హాయిగా ఉంటుంది. పైగా జాకెట్‌లోని స్పాంజి మెత్తలు తేలతాయి, వాటిని ముంచడానికే నడుము బెల్టుకి కొంత సీసం బిళ్లల బరువు కట్టుకోవాలి. జాకెట్‌దే పైచేయి అయ్యేది నీటి పైన: నిండా ఊదితే మనిషిని నిటారుగా నిలబెడుతుంది. వింగ్‌ని అలాగే ఊదితే మొహాన్ని నీళ్లలోకి తోస్తుంది. దీని మీద ఫిర్యాదు చేసేవాళ్లలో ఎక్కువమంది అవసరానికి మించి ఊదేవాళ్లే. సగం ఊది కాస్త వెనక్కి వాలితే చాలు. రెండేళ్లకోసారి సెలవులకి వెళ్లినప్పుడు మాత్రమే దిగేవాళ్లకి ఈ టెన్షన్ అంతా అనవసరం. అద్దె జాకెట్‌తో కానిచ్చేసి, ఆ డబ్బుతో మంచి మాస్కూ డైవ్ కంప్యూటరూ కొనుక్కోవచ్చు.

ఇక ప్లేటు దగ్గరికి వద్దాం. అసలు తర్జనభర్జన ఇక్కడే. 3 మిల్లీమీటర్ల స్టీలు ప్లేటు సుమారు 2.7 కిలోలు తూగుతుంది, అదే ఆకారంలో అల్యూమినియంది సుమారు 0.9. నీళ్లలో ఈ తేడా ఎంత మిగులుతుందో లెక్కేయాలి. ఉప్పునీటిలో స్టీలు తన బరువులో ఎనిమిదో వంతే పోగొట్టుకుంటుంది, అల్యూమినియం మూడో వంతు కంటే ఎక్కువే పోగొట్టుకుంటుంది. అంటే నీటి లోపల స్టీలు ప్లేటు 2.3 కిలోలకి కాస్త పైన, అల్యూమినియంది అర కిలోకి కాస్త పైన. తేడా 1.8 కిలోలు. స్టీలు ప్లేటు తగిలిస్తే బెల్టులోంచి దాదాపు రెండు కిలోల సీసం తీసేయొచ్చన్నమాట. పైగా ఆ బరువు నడుము మీద కాకుండా ఊపిరితిత్తుల వెనక, వీపంతా పరుచుకుని ఉంటుంది. స్టీలు అభిమానులు చెప్పే ఈ మాటలో అబద్ధం లేదు.

కానీ మనం అండమాన్‌కి వెళ్లేది విమానంలో. మన దేశంలో చాలా ఎకానమీ టికెట్లకి చెక్-ఇన్ లగేజీ 15 కిలోలే. ఫిన్లు, సూటు, బట్టలు, ప్లేటు, వింగ్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఊపిరి తీసుకునే రెగ్యులేటర్ చేతి బ్యాగులో పెట్టుకున్నా లెక్క బొటాబొటీగానే ఉంటుంది. సీసం మాత్రం డైవ్ సెంటర్ వాళ్లే ఇస్తారు. స్టీలు ప్లేటు మోసుకెళ్లడమంటే అక్కడ ఊరికే దొరికే బరువుని ఇంటి నుంచి కట్టుకెళ్లడమే. నీళ్లు వెచ్చగా ఉంటాయి, 3 మిల్లీమీటర్ల సూటు చాలు, కట్టుకోవాల్సిన సీసమూ తక్కువే. అందుకే హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో అండమాన్ వెళ్లి డైవ్ చేసేవాళ్లకి నా సలహా అల్యూమినియం ప్లేటే.

సన్నగా ఉండేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. పల్చటి సూటులో వాళ్లకి సీసం పెద్దగా అక్కర్లేదు. అలాంటి వాళ్లు స్టీలు ప్లేటు వేసుకుని, ఎక్కడైనా స్టీలు సిలిండర్ కూడా తగిలించుకుంటే మోతాదు మించిపోతుంది. లోపల వింగ్ చిరిగిందనుకోండి, విప్పి వదిలేయడానికి బెల్టులో ఒక్క బిళ్ల కూడా ఉండదు. ప్లేటుని వదిలేయలేం కదా.

స్టీలు మేలయ్యే చోట్లూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఉంటూ మాంటెరే చల్లటి నీళ్లలో 7 మిల్లీమీటర్ల సూటో, నీళ్లు లోపలికి రానివ్వని డ్రై సూటో వేసుకుని దిగే మనవాళ్లకి కట్టిన బరువు ఎంతైనా చాలదనిపిస్తుంది. ప్రయాణం కారులోనే. దుబాయ్ నుంచి కారులో ఫుజైరా తీరానికి వెళ్లేవాళ్లకీ లగేజీ తూకం బాధ లేదు. వాళ్లు కళ్లు మూసుకుని స్టీలు తీసుకోవచ్చు. గుడ్డతో కుట్టిన మెత్తటి ట్రావెల్ ప్లేట్లు కూడా దొరుకుతాయి. మడిచి బ్యాగులో పడేయొచ్చు. కాకపోతే సిలిండర్ బరువుకి వంగిపోతాయి, గట్టి ప్లేటు ఇచ్చే నిలకడ వాటిలో ఉండదు.

వింగ్ విషయంలో చాలామంది పెద్దది కొంటే భద్రం అనుకుంటారు. ఒక సిలిండర్‌కి 30 పౌండ్ల వింగ్, అంటే 13 కిలోలకి పైగా ఎత్తేది, వెచ్చటి నీళ్లకి సరిపోతుంది. అదెలాగంటే, మన దగ్గర మామూలుగా దొరికే అల్యూమినియం 80 (80 ఘనపుటడుగుల రకం) సిలిండర్‌లో నిండా నింపిన గాలి బరువే 2.7 కిలోలు. డైవ్ మొదట్లో ఆ అదనపు బరువునీ, లోతులో సూటు నొక్కుకుపోయి తగ్గిన తేలికనీ కలిపినా ఐదారు కిలోలు దాటదు. సెట్టు విప్పి నీటి మీద వదిలితే అది తనంతట తాను తేలడానికి కూడా ఇందులో చోటుంది. రెండు సిలిండర్ల కోసం చేసిన 50 పౌండ్ల వింగ్‌ని ఒక సిలిండర్‌కి తగిలిస్తే అంచులు సిలిండర్ చుట్టూ పైకి ముడుచుకుంటాయి, గాలి ఆ ముడతల్లో చిక్కుతుంది, ఈదేటప్పుడు నీటికి అడ్డం పడుతుంది. ఆకారంలో గుర్రపు నాడా కంటే గుండ్రటి డోనట్ నయం. నాడాలో కుడి వైపు చేరిన గాలిని ఎడమ పక్క డంప్ వాల్వ్‌లోంచి వదలాలంటే ఒళ్లు ఒంచాలి, డోనట్‌లో అదే తిరిగొస్తుంది. ప్లేటు ఒక కంపెనీది, వింగ్ ఇంకో కంపెనీది అయినా భయం లేదు. బోల్టు కంతల మధ్య 11 అంగుళాల దూరం దాదాపు అందరూ పాటిస్తారు.

హార్నెస్‌లో, అంటే సెట్టుని ఒంటికి తగిలించే పట్టీల్లో, ఒకే పట్టీకే నా ఓటు. భుజాల దగ్గర క్లిప్పులున్న రకం తొడుక్కోవడానికి సుఖమే, భార్యాభర్తలు ఒకే సెట్టు పంచుకుంటే పనికొస్తుంది కూడా. కానీ ప్రతి ప్లాస్టిక్ క్లిప్పూ విరగడానికి ఇంకో చోటు.

ఈ పట్టీ అమర్చడంలోనే ఓపిక కావాలి. టీ షర్టు మీద కాదు, డైవ్ సూటు వేసుకునే కొలవాలి. ప్లేటు వీపున ఉండగా చెయ్యి భుజం మీదుగా వెనక్కి వేస్తే వేళ్ల కొసలు ప్లేటు పై అంచుకి తగలాలి, లేదంటే ప్లేటు మరీ కిందికి ఉన్నట్టు. భుజం పట్టీ కింద నాలుగు వేళ్లు సులువుగా దూరాలి. బిగుతుగా ఉంటే భద్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, పడవ పక్కన నీళ్లలో సెట్టు విప్పాల్సి వచ్చినప్పుడు ఎడమ మోచెయ్యి బయటికి రాక అవస్థ పడతారు. రొమ్ము మీది డీ-రింగులు (సామాను తగిలించుకునే D ఆకారపు రింగులు) చంకకి కాస్త ముందు, బొటనవేలు చూడకుండానే అందే చోట ఉండాలి. కాళ్ల మధ్య పట్టీ నిటారుగా నిల్చున్నప్పుడు లాగకూడదు, ముందుకి వంగినప్పుడు ప్లేటు తల వైపు జారకూడదు. నడుము బెల్టుని ఈ కాళ్ల మధ్య పట్టీ కొసనున్న లూప్‌లోంచి పోనిచ్చాకే బకిల్ పెట్టాలి. కొత్త పట్టీ అట్టలా ఉంటుంది, తడిశాక మెత్తబడి కొలత మారుతుంది. అందుకే మిగిలిన కొసల్ని నాలుగైదు డైవ్‌ల దాకా కత్తిరించొద్దు. కత్తిరించాక లైటర్‌తో అంచు కాల్చాలి, లేకపోతే పోగులు ఊడతాయి.

సిలిండర్‌ని పట్టుకునే క్యామ్ బ్యాండ్లు ఈ సెట్టుకి మామూలుగా రెండుంటాయి. పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే నీళ్లలో నైలాన్ సాగి వదులవుతుంది కాబట్టి ముందు తడపాలి. పడవ మీద సాయం చేసే కుర్రాళ్లు రోజంతా ఒంటి బ్యాండు జాకెట్లకి అలవాటు పడి ఉంటారు, రెండో బ్యాండు బకిల్‌లో పట్టీ తప్పుగా ఎక్కించినా వాళ్లకి తేడా తెలియదు. కాబట్టి ఈ పని వాళ్లకి వదలకుండా మీరే చేసుకోండి. బిగించాక ప్లేటు పై కంతలో చెయ్యి పెట్టి మొత్తం సెట్టుని ఒక జానెడు పైకెత్తి కుదపండి. సిలిండర్ వేలెడు జారినా రెండు బ్యాండ్లూ విప్పి మళ్లీ కట్టుకోవాల్సిందే.