రీల్స్‌లో అమ్మే ‘గల్ఫ్ క్రీమ్’ కొనకండి, ఇంట్లో ఆడపిల్లలకి కూడా చెప్పండి

కోనసీమ, భీమవరం, పాలకొల్లు వైపు ఉన్న అక్కచెల్లెళ్లకి, ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లలున్న ఇళ్లకి ఈ హెచ్చరిక. ‘గల్ఫ్ క్రీమ్’, ‘దుబాయ్ వైట్‌నింగ్’, ‘పెళ్లికూతురు గ్లో’ అంటూ రీల్స్‌లో, వాట్సాప్ స్టేటస్‌ల్లో, కొన్ని ఫ్యాన్సీ షాపుల్లో ఊరూ పేరూ లేని చిన్న డబ్బాలు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి.

మా మేనకోడలు అమలాపురంలో ఇంటర్ చదువుతోంది. చామనఛాయ పిల్ల. వాళ్లక్క పెళ్లి ఫొటోల్లో తనొక్కతే నల్లగా పడుతుందని బెంగపెట్టుకుని, దాచుకున్న డబ్బుల్లోంచి 850 రూపాయలు పెట్టి ఒక పేజీ నుంచి ఈ క్రీమ్ తెప్పించుకుంది. మొదట్లో నిజంగానే తెల్లబడింది. “ఏం రాస్తున్నావే, మెరిసిపోతున్నావ్” అని చుట్టాలంతా మెచ్చుకునేసరికి ఇంకో డబ్బా తెప్పించింది. ఆ తర్వాత ఎండలోకి వెళితే చాలు ముఖం మంట. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, గడ్డం చుట్టూ మొటిమలు, పైపెదవి మీద నూగు. మానేస్తే మంట ఎక్కువవుతుంది, రాస్తే తగ్గినట్టుంటుంది. అలా వదల్లేని స్థితికి వచ్చింది. కాలేజీకి చున్నీ చుట్టుకుని వెళ్లేది, తర్వాత అదీ మానేసింది.

కాకినాడలో స్కిన్ డాక్టరు గారు చూసి, స్టెరాయిడ్ కలిపిన క్రీమ్ వాడినవాళ్లకి ఇలాగే అవుతుందన్నారు. పాదరసం కూడా ఉండొచ్చన్న అనుమానంతో మూత్రపరీక్ష రాశారు. పేజీ వాళ్లనడిగితే “స్కిన్ క్లీన్ అవుతోంది, ఆపకండి” అన్నారు. గట్టిగా నిలదీస్తే బ్లాక్ చేశారు.

స్టెరాయిడ్ పూతమందులు చర్మరోగాలకి డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాల్సినవి. అందుకే 2018లో కేంద్రం వాటిలో చాలావాటిని చీటీ ఉంటేనే అమ్మేలా షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పాదరసం సంగతి ఇంకా భయంకరం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా అడ్డుపడుతుంది కాబట్టి తెలుపు త్వరగా కనిపిస్తుంది. కానీ అది చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదుగా కనిపించే రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. పైగా ఇది రాసుకున్న మనిషితో ఆగదు. అదే తువ్వాలు, అదే దిండు వాడే చంటిపిల్లలకీ అంటుతుంది.

డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమేం కలిపారో వివరం ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ల పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ‘కాలోమెల్’, ‘మెర్క్యురీ’, ‘మెర్క్యురిక్’ అన్న మాటలు పాదరసాన్ని సూచించేవే, అవి కనిపిస్తే ముట్టుకోవద్దు. “వెండి, బంగారం, అల్యూమినియానికి తగలనివ్వకండి” అని రాసి ఉన్నా అంతే, పాదరసం ఉందనడానికి అదొక గుర్తు. కువైట్ నుంచి మన పిన్నో వదినో ప్రేమగా తెచ్చిన డబ్బా అయినా ఇవన్నీ చూశాకే తెరవండి.

అసలు నాకు కోపం తెప్పించేది ఈ సరుకును అమ్మే పద్ధతి. ‘ముందు’, ‘తర్వాత’ అని పెట్టే ఫొటోల్లో రెండోది ఫిల్టర్ వేసి తీసింది. ఫోన్ కెమెరా తనంతట తానే రంగు తేల్చి, మచ్చలు చెరిపి, దవడ సన్నం చేస్తుంటే, పిల్లలు అద్దంలో తమ ముఖం చూసుకుని లోపం ఉందనుకుంటున్నారు. ఇది ఈనాటిది కాదు. నల్లపిల్లకి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు అన్నట్టు చూపించే క్రీమ్ యాడ్లు చూస్తూ మేమూ పెరిగాం. రంగు తక్కువ వాళ్లను దిగులుగా, పనికిరానివాళ్లుగా చూపకూడదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది. రీల్స్‌లో ఈ డబ్బాలు అమ్మేవాళ్లు దాన్ని లెక్కచేస్తారా?

తెర మీద చూసేది పిల్లల మనసుల్ని ఎంత మారుస్తుందో చూడండి. పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పుడు సన్నబడటానికి వాంతి చేసుకుంటున్నామన్న ఆడపిల్ల అక్కడ ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ అడిగితే 11.3 శాతం మంది అలా చేస్తున్నామన్నారు. అది ఒక్క టీవీ చేసిన పని. మన పిల్లల చేతుల్లో ఫోను పొద్దస్తమానం ఉంటోంది. వాళ్లు ఫోన్‌లో చూసేదానికి తోడు ఇంట్లో మనం “ఎండలో తిరక్కే, నల్లబడితే ఎవడు చేసుకుంటాడు” అంటున్నాం. పెళ్లిచూపులకి ముందే “పిల్ల తెలుపేనా అండీ” అని అడుగుతున్నాం. ఆ పేజీ వాళ్లకి గిరాకీ మన మాటల్లోంచే పుడుతోంది. కనీసం పిల్లల ముందు ఈ మాటలు మానేద్దాం.

ఇప్పటికే వాడుతున్నవాళ్లుంటే వాళ్లని తిట్టకండి. తిడితే దాచిపెట్టి రాసుకుంటారు. వెంటనే డబ్బాతో సహా స్కిన్ డాక్టరుకి చూపించండి. స్టెరాయిడ్ అయితే ఎలా మాన్పించాలో డాక్టరే చెప్పాలి, ఇంకో క్రీమ్ రాసి సొంత వైద్యం చేయొద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు పంపిన రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి. డబ్బాను కోపంతో కాలవలో విసరొద్దు, పాదరసం నీళ్లలో కలిస్తే చేపల్లోకి చేరుతుంది. మూత బిగించి, కవరులో చుట్టి, పిల్లలకి అందని చోట పెట్టి, ఫిర్యాదుతో పాటు అప్పగించండి.