నువాకోట్‌లో రెండు వారాలు రాళ్లు మోసి వచ్చాను, ఆ వలంటీర్ ప్రోగ్రాం ఎలా ఉందంటే

2015 నేపాల్ భూకంపంలో నువాకోట్ జిల్లాలో కూలిన ఇళ్లు మళ్లీ కట్టే ప్రోగ్రాంకి 2018 నవంబర్‌లో వెళ్లాను. సంస్థ పేరు రాయడం లేదు. సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి ఖాట్మండూకి బస్సు, మనకి వీసా అక్కర్లేదు. తిండి, బస కలిపి రెండు వారాలకి 28,000 రూపాయలు కట్టించుకున్నారు.

ముందు నచ్చనివి చెప్తాను. మొదటి రెండు రోజులు గుళ్లు తిప్పి ఫొటోలు తీయించారే తప్ప తాపీ ఎలా పట్టుకోవాలో కూడా ఎవరూ చూపించలేదు. పదకొండు మందికి ఆరు హెల్మెట్లు. మా డబ్బులో ఇంటికి ఎంత పోతుందని రెండుసార్లు అడిగినా జవాబు రాలేదు. అక్కడేమో మేం కడుతున్న ఇంటి యజమానురాలు సిమెంట్ బస్తా బస్తాకీ నోట్‌బుక్‌లో లెక్క రాసుకుంటోంది, అందుకే నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

పని మాత్రం బంగారం. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో నేపాల్‌లో దాదాపు 9,000 మంది పోయారు, పల్లెల్లో ఎక్కువగా కూలింది రాయీ మట్టీ పెట్టి కట్టిన ఇళ్లే. మా మేస్త్రీ దాయ్ (అక్కడ అన్నని అలాగే పిలుస్తారు) ఒక మొండిగోడ దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు: లోపలి వరస వేరు, బయటి వరస వేరు, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ. భూమి ఊగేసరికి రెండు వరసలూ చెరో పక్కకి విడిపోయాయి. అందుకే ఇప్పుడు గోడ మందమంతా పట్టే పొడుగు రాయిని మధ్యమధ్యలో అడ్డంగా వేస్తున్నారు, కిటికీల కింద, కిటికీల పైన లింటెల్ దగ్గర, గోడ పైన ఇంటి చుట్టూ పట్టీలు తిప్పుతున్నారు. ఒక సాయంత్రం ఆయన లేనప్పుడు మేం ముగ్గురం ఒక వరస కట్టాం. పొద్దున్నే వచ్చి ఒక రాయిని చేత్తో ఊపి చూసి, ఏమీ అనకుండా మొత్తం తీసేసి మళ్లీ కట్టాడు. ఆ రోజు నుంచి నేను మోసే పనే అడిగి తీసుకున్నాను. డోకో అని వెదురు బుట్ట ఉంటుంది, దాని పట్టీ నుదుటికి పెట్టుకుని బరువంతా వీపు మీద మోయాలి. మెడ పట్టేస్తుంది, మూడో రోజుకి అలవాటవుతుంది.

ఆ ఊళ్లో వయసులో ఉన్న మగవాళ్లు చాలా తక్కువ, ఖతర్‌లోనో మలేషియాలోనో ఉన్నారు. మేస్త్రీలు దొరక్క ఇళ్లు ఆగాయి. అప్పట్లో ప్రభుత్వం ఒక్కో ఇంటికి ఇచ్చింది 3 లక్షల నేపాలీ రూపాయలు, అంటే మన 1,87,500, అదీ పని ఎంతవరకు వచ్చిందో చూసి విడతలుగా. మేం కడుతున్న ఇల్లు గలావిడ, దిదీ (అంటే అక్క) అని పిలిచేవాళ్లం, ఆమె భర్త కూడా దోహాలోనే. రాత్రి భోజనాలయ్యాక ఆమె ఫోన్ పట్టుకుని ఆ రోజు లేచిన గోడ పొడుగునా నడుస్తూ ఆయనకి చూపించేది, కిటికీ దగ్గర ఆగేది, ఆయన ఏదో అంటే మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి చూపించేది. నేను చీకట్లోకి వెళ్లి కూర్చున్నాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఇల్లు లేచేటప్పుడు అమ్మ కూడా ఇలాగే పునాది అయింది, దర్వాజా నిలబెట్టినం అని క్యాసెట్‌లో మాట్లాడి, గల్ఫ్‌కి పోయేవాళ్ల చేతికిచ్చి బాపుకి పంపేది.

ఇంటికొచ్చాక బాపుని మొదటిసారి అడిగాను, అప్పుడు నువ్వేం పని చేస్తున్నావని. షార్జాలో పదకొండో అంతస్తుకి సెంట్రింగ్ కొడుతున్న అన్నాడు. ముప్పై ఏళ్లొచ్చాయి నాకు, అంతవరకు ఆ మాట అడగలేదు.

వెళ్లమనే చెప్తాను, కానీ ఆ సంస్థతో నేను మళ్లీ వెళ్లను. కనీసం నెల రోజులుండగలిగితేనే వెళ్లండి, రెండు వారాల్లో పని చేతికొచ్చేసరికి తిరుగు బస్సు ఎక్కాల్సి వస్తుంది. డబ్బు కట్టే ముందే మేస్త్రీకి కూలి ఎవరిస్తున్నారో, ఇంటి సామానుకి ఎంత పోతుందో రాతపూర్వకంగా అడగండి, చెప్పకపోతే వదిలేయండి. గ్లవ్స్ మీవే తీసుకెళ్లండి, రెండు జతలు. నేను వచ్చేటప్పటికి గోడలు లింటెల్ దాకా వచ్చాయి, ఫిబ్రవరిలో దిదీ రేకులు వేసిన ఫొటో పంపింది.