స్ట్రెయిన్ గేజా, ఫైబర్ గ్రేటింగా: రెక్క పరీక్షకు ఏది మేలు?

ఆదిభట్ల, బాలానగర్ వైపు వర్క్‌షాపుల్లో డ్రోను రెక్కలనూ విమాన విడిభాగాలనూ లోడు పెట్టి పరీక్షించే యువ ఇంజనీర్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: లోడుకు భాగం ఎంత సాగిందో కొలవడానికి రేకు స్ట్రెయిన్ గేజితో (సాగినప్పుడు విద్యుత్ నిరోధం మారే పలుచని రేకు) సరిపెట్టుకోవాలా, ఫైబర్ బ్రాగ్ గ్రేటింగుకు (గాజు ఫైబరులో ఒక తరంగదైర్ఘ్యపు కాంతిని మాత్రమే వెనక్కి పంపే చిన్న భాగం) మారాలా? చర్చ సాధారణంగా ధర దగ్గరా వైర్ల సంఖ్య దగ్గరా ఆగిపోతుంది. ఒకే ఫైబరు మీద పదుల గ్రేటింగులు పెట్టవచ్చు, దానికి విద్యుత్ రొద అంటదు. గేజికి ఒక్కోదానికి మూడేసి వైర్లు కావాలి, కానీ ఇంటరొగేటర్ (ఫైబరు నుంచి వచ్చే కాంతిని చదివే పరికరం) ఖర్చు ఉండదు. ఇవన్నీ నిజమే అయినా, నా దృష్టిలో విషయాన్ని తేల్చేది ఉష్ణోగ్రత.

1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే గ్రేటింగు వెనక్కి పంపే తరంగదైర్ఘ్యం, ఒక మైక్రోస్ట్రెయిన్‌కు (పొడవులో పది లక్షల వంతు మార్పుకు) సుమారు 1.2 పికోమీటర్లు జరుగుతుంది. ఒక డిగ్రీ వేడికి సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో ఉదయం సున్నా సరిచూసుకుని మధ్యాహ్నం లోడు ఎక్కిస్తే, పది డిగ్రీల తేడాకే 80 మైక్రోస్ట్రెయిన్ల పైచిలుకు దొంగ రీడింగు వస్తుంది. అల్యూమినియంలో అది దాదాపు 5.6 మెగాపాస్కల్‌ల స్ట్రెస్‌తో సమానం. ఇది ఫైబరు ఒక్కదాని లెక్క. దాన్ని లోహానికి అంటిస్తే లోహపు వ్యాకోచం అదనం. లోడు పడకుండా వదులుగా ఉంచిన గ్రేటింగు ఒకటి పక్కనే లేకుండా ఈ కొలతను నమ్మకూడదు.

రేకు గేజిలో ఈ బాధను తయారీలోనే చాలావరకు తీర్చారు: డిగ్రీకి మీటరుకు 23 మైక్రోమీటర్లు వ్యాకోచించే అల్యూమినియానికి తగ్గట్టు సరిచేసిన గేజి దొరుకుతుంది. దాన్ని చెడగొట్టేది మన వైరింగే. 350 ఓమ్‌ల గేజిలో ఒక మైక్రోస్ట్రెయిన్ అంటే 0.0007 ఓమ్ మార్పు మాత్రమే. రెండే వైర్లతో కలిపి, ఆ రాగి వైర్ల నిరోధం ఒక ఓమ్ ఉంటే, అవి పది డిగ్రీలు వేడెక్కగానే 50 మైక్రోస్ట్రెయిన్లకు పైగా తప్పు వస్తుంది. మూడో వైరు వేస్తే ఆ తప్పు దాదాపుగా రద్దయిపోతుంది. ఇక అంటించే పనిలో తొందర పనికిరాదు: ఉపరితలాన్ని గరుకు కాగితంతో రుద్ది, ద్రావకంతో ఒకే దిశలో తుడిచి, జిగురు వేసి, టెఫ్లాన్ పొర మీదుగా బొటనవేలితో నిమిషం పాటు కదలకుండా నొక్కి ఉంచాలి.

అందుకే అల్యూమినియం భాగానికి, పది పదిహేను చోట్ల కొలతకు, నేను రేకు గేజినే ఎంచుకుంటాను. కార్బన్ ఫైబర్ రెక్క విషయంలో మాత్రం ఈ మొగ్గు నిలవదు. పొరల దిశను బట్టి వ్యాకోచం మారుతుంది కనుక ముందే సరిచేసిన గేజి అక్కడ సరిపోదు. పైగా ఆ పదార్థం వేడిని సరిగా లాగదు కాబట్టి గేజి తన కరెంటుకు తానే వేడెక్కి రీడింగును జరుపుతుంది, వోల్టేజి తగ్గించక తప్పదు. గ్రేటింగులో కరెంటే లేదు, పొరల మధ్యనే పొదగవచ్చు. 2003లో హవాయి దగ్గర హీలియోస్ అనే మానవరహిత విమానం గాలిలోనే విరిగిపోయిన తరువాత నాసా ఆర్మ్‌స్ట్రాంగ్ కేంద్రం రెక్కల వంపును ఫైబరుతో కొలిచే పద్ధతి మీద దృష్టి పెట్టింది.

ఇక మిగిలిన పద్ధతుల్లో, రేకుకు బదులు సిలికాన్ వాడే సెమీకండక్టర్ గేజి సున్నితత్వం చాలా ఎక్కువే గాని వేడికి మరీ చలిస్తుంది. కెమెరాలతో ఉపరితలాన్ని పోల్చి కొలిచే పద్ధతి ప్రయోగశాలలో బాగుంటుంది, ఎగిరే రెక్క మీద దాన్ని వాడడం అంత తేలిక కాదు.