విశాఖలో జంట గోడల మధ్య ఫోమ్ కొట్టించుకుంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

"గోడల మధ్య ఖాళీలో ఫోమ్ కొడితే ఇల్లు చల్లబడుతుంది, ఏసీ బిల్లు సగమైపోతుంది" అంటూ ఎవరైనా కొటేషన్ పట్టుకొస్తే తొందరపడి అడ్వాన్స్ ఇవ్వకండి. సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఇళ్లున్నవాళ్లు మరీ జాగ్రత్త. ఈ పని చెడిపోతే సరిచేసుకోవడం చాలా కష్టం. గట్టిపడిన పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ ఇటుకను కరుచుకుపోతుంది. దాన్ని తీయాలంటే రెండు గోడల్లో ఒకటి పగలగొట్టాల్సిందే.

అసలు మీ గోడలో ఖాళీ ఉందా? మన ఊళ్లో ఎక్కువ ఇళ్లు కాలమ్‌లు, బీమ్‌లు పోసి మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుక గోడో, సిమెంటు బ్లాకులో, తేలికపాటి ఏఏసీ బ్లాకులో పెట్టి కట్టినవే. వాటిలో నింపడానికి చోటే ఉండదు. రెండు గోడలు విడివిడిగా లేపి మధ్యలో 50 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఖాళీ వదిలిన ఇళ్లు తక్కువ. ఆ ఇళ్లలో కూడా కాలమ్, బీమ్ ఉన్నచోట ఖాళీ ఉండదు, కాంక్రీటు లోపలి దాకా ఉంటుంది. ఎంత ఫోమ్ కొట్టినా ఎండ వేడి ఆ పట్టీల గుండా వస్తూనే ఉంటుంది. కొటేషన్‌లో గోడ మొత్తం చదరపు అడుగులు లెక్కేసి, కాలమ్, బీమ్ తీసేయకపోతే ఫోమ్ పట్టని చోటుకు కూడా మీరు డబ్బు కడుతున్నట్టే.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ ఖాళీ వదిలింది వాన తడి లోపలికి రాకుండా ఉండటం కోసం. ఈదురుగాలితో జల్లు కొట్టినప్పుడు బయటి గోడ తడుస్తుంది. ఆ తడి ఇటుక వెనక్కి దిగి, ఖాళీలో కిందికి జారి, అడుగున వదిలిన చిన్న కన్నాల గుండా బయటికి పోతుంది. లోపలి గోడ పొడిగానే ఉంటుంది. ఖాళీ నిండా రాక్‌వూల్ (రాతి పీచు) నింపినా, సరిగా పరుచుకోని ఫోమ్ నింపినా తడి దాటడానికి దారి ఏర్పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి వానను గోడలకేసి ఎలా కొట్టిందో ఈ ఊరికి తెలుసు. అంత తుపాను కూడా అక్కర్లేదు, అక్టోబరు, నవంబరు వాయుగుండాలు చాలు. ఈ ఇన్సులేషన్ బాగా వాడుకలో ఉన్న బ్రిటన్‌లోనే వానగాలి గట్టిగా కొట్టే పడమటి తీరాల్లో ఖాళీ పూర్తిగా నింపే ముందు గోడ ఎంత జల్లుకు గురవుతుందో చూడాలన్న నియమం ఉంది. ఇక్కడ కొటేషన్ ఇచ్చేవాళ్లు ఆ ప్రశ్న వేస్తున్నారో లేదో గమనించండి.

తడి ఎక్కడ దాటుతుందో తెలియాలంటే లోపలికి చూడాలి. ఇటుకల మధ్య సిమెంటు జాయింటులో 12 మిల్లీమీటర్ల కన్నం వేసి, ఫోన్‌కు తగిలించే ఎండోస్కోప్ కెమెరా పంపండి. రెండు గోడలను పట్టి ఉంచే ఇనుప కట్లు కనిపిస్తాయి. పద్ధతి ప్రకారం అడ్డంగా 900, నిలువుగా 450 మిల్లీమీటర్లకొకటి, అంటే చదరపు మీటరుకు రెండున్నర చొప్పున ఉండాలి. కట్టేటప్పుడు మేస్త్రీ చేతి నుంచి జారిన మాలు వాటి మీద ముద్దకట్టి ఉంటే, ఆ ముద్ద తడికి వంతెన. అడుగున మాలు, ఇటుక ముక్కలు జానెడు ఎత్తున పేరుకుంటే నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోయినట్టే. కట్లు జీఐవి (జింకు పూత ఇనుము) అయితే ఉప్పుగాలికి ఎర్రటి తుప్పు పట్టి ఉండొచ్చు. వాటి చుట్టూ తడి పట్టే పదార్థం నింపితే ఆ తుప్పు ఇంకా పెరుగుతుంది. ఈ మూడింట్లో ఏది కనిపించినా నింపే ఆలోచన మానుకోండి.

రెండో గండం చెమ్మ ఆవిరిది. చలిదేశంలో ఆవిరి ఇంట్లోంచి బయటికి పోతుంది. మన దగ్గర ఏసీ గదుల్లో జరిగేది దానికి తలకిందులు. బయట 33 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం ఉన్నరోజు 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా నీరు పట్టేస్తుంది. ఏసీ 24లో పెడితే లోపలి గోడ ఆ 28 డిగ్రీల కంటే చల్లగానే ఉంటుంది. రాక్‌వూల్ ఆవిరిని ఆపదు కాబట్టి అది నేరుగా లోపలి గోడ వెనక దాకా వచ్చి అక్కడ నీరవుతుంది. పైగా లోపలివైపు వినైల్ వాల్‌పేపరో, ఆయిల్ పెయింటో ఉంటే ఆ నీరు ఆరే దారి కూడా ఉండదు. వాల్‌పేపర్ అంచు గోటితో లేపి చూడండి, వెనక నల్లటి చుక్కలు, ముక్క వాసన ఉంటే అర్థమైపోతుంది. ఆవిరిని ఆపే పొర మన ఊళ్లో బయటివైపు ఉండాలి. లోపల ప్లాస్టిక్ షీటు వేస్తామనేవాళ్లు చలిదేశపు లెక్కే ఇక్కడ వేస్తున్నారు.

సరుకు లెక్క మీరే వేయండి. 1000 చదరపు అడుగుల గోడ, 50 మిల్లీమీటర్ల ఖాళీ అంటే సుమారు 4.6 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 30 కిలోల సాంద్రత ఉన్న పీయూ అయితే దాదాపు 140 కిలోల రసాయనం దిగాలి. రెండు చిన్న డ్రమ్ములతో వచ్చి సాయంత్రానికి అయిపోయిందంటే లోపల ఖాళీలు మిగిలాయన్నమాట. ఎక్కువ ఒత్తిడితో కొట్టినా ముప్పే, ఉబ్బే ఫోమ్ నాలుగున్నర అంగుళాల గోడను నెట్టి చీల్చగలదు. చవకగా వచ్చే యూరియా ఫార్మాల్డిహైడ్ ఫోమ్ మాత్రం అసలు వద్దు. ఆరేకొద్దీ కుంచించుకుపోయి పగులుతుంది, దాన్నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు కళ్లు మండిస్తుంది. థర్మాకోల్ గుళికలైతే, పైపు లేకుండా గోడలో వదిలిన పీవీసీ వైరుకు తగిలితే ఆ వైరు తొడుగు గట్టిపడి పెళుసవుతుంది.

కొటేషన్‌లో పదార్థం పేరు, సాంద్రత, ఉష్ణవాహకత, మంటకు ఎలా తట్టుకుంటుందో చూపే పరీక్ష పత్రం రాయించుకోండి. "చెమ్మ వస్తే గోడ తెరిచి సరిచేసే ఖర్చు మాదే" అన్న వాక్యం కూడా రాయమనండి. గ్యారంటీ ఫోమ్‌కే తప్ప చెమ్మకు లేదని చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఇంటికి చల్లదనమే కావాలంటే పై అంతస్తు వాళ్లు ముందు శ్లాబు చూసుకోవాలి, ఎండ నెత్తిన పడేది అక్కడే. తెల్లటి కూల్ పెయింటు, పడమటి గోడకు నీడ, కిటికీలకు లోతైన సన్‌షేడ్. వీటితో గోడలోకి నీళ్లు దిగవు, నచ్చకపోతే తీసేయనూవచ్చు. ఇళ్ల ఇంధన పొదుపు కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 కూడా గోడతో పాటు కిటికీలను, వాటి నీడను కలిపే లెక్కిస్తుంది.

ఇప్పటికే నింపించుకున్నవాళ్లు వానల తర్వాత బయట పూడ్చిన కన్నాలు చూడండి. పూడిక చుట్టూ వెంట్రుకంత గుండ్రటి పగులు ఉంటే నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. లోపల అదే ఎత్తులో గోధుమరంగు మరక, తెల్లటి ఉప్పు పూత, లప్పం పెచ్చులు కనిపిస్తే పైన రంగు వేయించకండి. అది తడిని లోపలే బంధిస్తుంది. ముందు పగుళ్లు పూడ్చి, అడుగు కన్నాలు తెరిపించి, ఒక ఎండాకాలం ఆరనివ్వండి. అప్పటికీ చెమ్మ తగ్గకపోతే అడుగు వరసలో రెండు మూడు ఇటుకలు తీయించి లోపల తడిసిందేమో చేత్తో పట్టి చూడండి. తడిసింది రాక్‌వూల్ అయితే అక్కడినుంచే లాగి తీయొచ్చు.