షీల్డు మీద గెలిచినవారి పేరు: ఒంగోలులో నేమ్ ప్లేట్లు చేయించిన అనుభవం

ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్ళే దారిలో ఉన్న మా ఊళ్ళో ఏటా సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఎడ్ల వయసును పళ్ళను బట్టి లెక్కగట్టి చేసిన పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అనే అయిదు విభాగాలలో అయిదేసి బహుమతులు ఇస్తాము కనుక మాకు 25 షీల్డులు కావాలి. ఇవి కాక సీనియర్స్ విభాగంలో మొదట నిలిచిన జతకు ఏడాది పాటు ఉంచుకోవడానికి ఇచ్చే చెక్క రోలింగ్ షీల్డు ఒకటి ఉంది. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత, అక్షరాలతో కూడిన పని కదా అని కమిటీ పెద్దలు ఈ షీల్డుల బాధ్యత నాకు అప్పగించారు. నాలుగేళ్ళలో మూడు చోట్ల నేమ్ ప్లేట్లు చేయించాను. గత రెండు సంక్రాంతులకు మాకు పని చేసి ఇచ్చిన దుకాణం ఒంగోలు గాంధీ రోడ్డు పక్క సందులో ఉన్నది. ఆ దుకాణం పనితనం గురించి, దానితో పాటు నేమ్ ప్లేటు ఎంపికలో నేను నేర్చుకున్న విషయాల గురించి, ఇటువంటి బాధ్యత మోసే ఇతర ఊళ్ళ కమిటీలకూ పాఠశాలలకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందుగా నన్ను బాధపెట్టిన సంగతి చెప్పాలి. మా పాత షీల్డుల మీద పోటీ పేరు, సంవత్సరం, బహుమతి స్థానం, బహుమతి దాత పేరు ఉండేవి. గెలిచిన ఎడ్ల యజమాని పేరు మాత్రం ఉండేది కాదు. ఎవరు గెలుస్తారో ముందు తెలియదు, షీల్డులు ముందే తయారు కావాలి, అందుచేత ఆ పేరుకు చోటే లేదు. ఏడాదంతా తవుడూ ఉలవలూ పెట్టి, కన్నబిడ్డల్లా ఎడ్లను పెంచి, పొరుగు జిల్లాల నుంచి లారీలో ఎక్కించుకొని వచ్చిన రైతు, తన పేరు లేని షీల్డును ఇంటికి తీసుకువెళ్ళేవాడు. దాత పేరు ఉండటం న్యాయమే. ఆయన ఇవ్వకపోతే బహుమతి లేదు. కానీ పదేళ్ళ తరువాత ఆ ఇంట్లో ఎవరైనా షీల్డును చూస్తే, అది ఎవరు ఏ జతతో గెలిచినదో చెప్పే అక్షరం దాని మీద ఒక్కటీ ఉండదు.

ఈ సంగతిని నేను మొదట అడిగిన రెండు దుకాణాలలో ఎవరూ పట్టించుకోలేదు. మూడవ దుకాణంలో యజమాని కొంతసేపు ఆలోచించి, "మాష్టారూ, ఒకటి కాకుండా రెండు ప్లేట్లు పెడదాం. పైది ముందే చెక్కి ఇస్తాను. కిందిదానికి చోటు ఖాళీగా వదిలిపెట్టండి. పోటీ అయిన రెండు రోజుల్లో పేర్లు పంపితే చెక్కి ఇస్తాను, అతికించుకోవచ్చు" అన్నారు. ఆ మాట మీదే నేను ఆర్డరు ఇచ్చాను. ఇప్పుడు కింది ప్లేటు మీద యజమాని ఇంటి పేరు, పేరు, ఊరు, లాగిన దూరం అడుగుల్లో ఉంటాయి. దూరం కూడా ఉండాలని పట్టుబట్టింది నేనే. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగారన్నదే ఈ పోటీకి ప్రాణం కాబట్టి, ఆ అంకె లేని షీల్డు సగం మాటే చెబుతుంది.

ఇక ప్లేటు దేనితో చేయించాలనే విషయం. దుకాణాలలో సాధారణంగా నాలుగు రకాలు చూపిస్తారు: రంగుల్లో ముద్రించిన స్టిక్కరు లేక రేకు, రెండు రంగుల ప్లాస్టిక్ షీటు, ఇత్తడి రేకు, స్టీలు రేకు. ముద్రించిన రేకు చూడటానికి అందంగా, బంగారు రంగులో మెరుస్తూ, అన్నిటికంటే చవకగా ఉంటుంది. మొదటి ఏడాది మేము అదే తీసుకున్నాము. మరుసటి సంక్రాంతికి ఒక రైతు ఇంటికి వెళ్ళినప్పుడు, వసారాలో ఎండ తగిలే గోడకు పెట్టిన షీల్డు మీద ఎరుపు అక్షరాలు వెలిసిపోయి, మూలలు పైకి లేచి ఉండటం చూశాను. ముద్రణ అంటే రేకు పైన పరిచిన రంగు పొర. చెక్కుడు అంటే రేకులోకి దిగిన గీత. మన అమ్మమ్మల కాలంలో ఇత్తడి బిందెల మీద, కంచు గిన్నెల మీద ఉలితో కొట్టించిన పేర్లు, దశాబ్దాల పాటు చింతపండుతో, బూడిదతో తోమినా ఈనాటికీ వేలికి తగులుతున్నాయి. మన ప్రాంతంలోనే దొరికిన అద్దంకి పండరంగని శాసనం క్రీ.శ. 848 నాటిది, దానిలోని తరువోజ పద్యాన్ని ఇప్పటికీ చదువుకుంటున్నాము. పేరు నిలవాలనుకుంటే లోతు కావాలి.

రెండు రంగుల ప్లాస్టిక్ షీటులో పై పొర ఒక రంగు, లోపలి పొర మరొక రంగు ఉంటుంది. లేజరు పై పొరను కాల్చివేస్తే లోపలి రంగు అక్షరంగా కనబడుతుంది. నలుపు మీద తెలుపు, నీలం మీద తెలుపు చాలా స్పష్టంగా ఉంటాయి, ఖర్చు కూడా తక్కువ. మా పిల్లల పరుగు పందేలకు, ముగ్గుల పోటీలకు ఇప్పుడు వీటినే వాడుతున్నాము. అయితే బంగారు రంగు పై పొర ఉన్న షీటును వద్దంటాను, దాని మీద గోరు గీత కూడా కనబడుతుంది.

ఇత్తడి విషయంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా వంటి ఊళ్ళవారు జాగ్రత్తగా ఆలోచించాలి. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. ఉప్పుగాలికి, తేమకు త్వరగా నల్లబడుతుంది. దుకాణంవారు పైన పారదర్శకమైన లాకర్ పూత వేసి ఇస్తారు కానీ, నల్లబడిన వెంటనే ఇంట్లోవారు అలవాటుగా చింతపండు పెట్టి తోముతారు, దానితో పూతా పోతుంది, అక్షరాలలో నింపిన నల్ల రంగూ పోతుంది. ఇత్తడి కావాలనుకుంటే యాసిడ్‌తో లోతుగా తినిపించి రంగు నింపినదే అడగాలి. పైపైన గీసిన దాని మీద రంగు నిలవదు. ఇత్తడి ప్లేటును బిగించే మేకులు కూడా ఇత్తడివే ఉండాలి. మాకు మొదట ఇచ్చిన రోలింగ్ షీల్డు ప్లేట్లకు ఇనుప మేకులు కొట్టారు, ఒక్క వర్షాకాలానికే తుప్పు కారి ప్లేటు అంచున గోధుమరంగు చారలు పడ్డాయి.

ఇంత చూసిన తరువాత పెద్ద బహుమతులకు స్టీలు ప్లేటునే ఎంచుకున్నాము. ఇక్కడ దుకాణంలో ఏ యంత్రం ఉన్నదో అడగడం అవసరం. చెక్కకు, ఆక్రిలిక్‌కు వాడే కార్బన్ డయాక్సైడ్ లేజరు కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, పూత లేని లోహం దానిలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది కనుక పని జరగదు. లోహానికి 1.06 మైక్రాన్ల ఫైబర్ లేజరు కావాలి. గాంధీ రోడ్డు దుకాణంలో రెండూ ఉన్నాయి. ఇంకొక చిన్న విషయం ఆ యంత్రం నడిపే అబ్బాయే నాకు చెప్పాడు: స్టీలు మీద ఎక్కువ వేడితో నల్లటి గుర్తు వేస్తే, ఆ గుర్తు పడిన చోట స్టీలుకు సహజంగా ఉండే తుప్పు నిరోధం తగ్గుతుంది. ఉప్పుగాలి తగిలే ఇళ్ళకు వెళ్ళే షీల్డులు కాబట్టి వేడి తగ్గించి, రెండు మూడు విడతలుగా చెక్కి, నల్ల రంగు నింపి ఇచ్చాడు. రెండు వానాకాలాలు గడిచిన ప్లేట్లను చూశాను, మచ్చ లేదు.

చీమకుర్తి గ్రానైటు మన జిల్లాది కాబట్టి దానితోనే జ్ఞాపికలు చేయిద్దామని కమిటీలో కొందరు గట్టిగా కోరారు. ఆ కోరిక నాకూ ఉండేది, ఒక నమూనా చేయించి చూశాము. బ్లాక్ గెలాక్సీ అనే ఆ నల్లరాయిలోని బంగారు చుక్కలే దాని అందం. కానీ చిన్న తెలుగు అక్షరాలు చెక్కినప్పుడు ఆ చుక్కలు సున్నాలలాగా, పొల్లులాగా కనబడి చదువరిని తడబెడుతున్నాయి. అక్షరం అంగుళం ఎత్తుకు తక్కువ కాకుండా ఉంటేనే ఆ రాయి బాగుంటుంది. అందుచేత రాయిని పీఠంగా ఉంచి, దాని ముందు భాగాన స్టీలు ప్లేటు పెట్టించాము. ఇది కమిటీలో అందరికీ నచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అక్షరాల మీద పెట్టాలి, నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే. ఇంగ్లీషు అక్షరాలు ఒకే గీత మీద నిలబడతాయి. తెలుగులో గుడి, ఏత్వం పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషు ప్లేటుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు సరిపోదు. రెండవ దుకాణంలో చేయించిన ప్లేట్లలో "పళ్ళ విభాగం" అనే మాటలోని ళావత్తు కింది వరుసలోని గుడిని తాకి, రెండూ కలిసి ఒక మచ్చలా తయారయ్యాయి. 3 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పు ఉన్న ప్లేటు మీద తెలుగులో మూడు వరుసలకు మించి పెట్టకూడదని, తలకట్టుతో కలిపి అక్షరం ఎత్తు 4 మి.మీ. కంటే తగ్గకూడదని నా అనుభవంలో తేలింది. ఖతి (ఫాంటు) ఎంపికలో కూడా లావుగా ఉన్నదే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. రామభద్ర వంటి లావాటి ఖతి బ్యానరుకూ శీర్షికకూ బాగుంటుంది కానీ, చిన్న ప్లేటు మీద "ఠ", "థ", "ధ" లలో లోపలి ఖాళీ పూడిపోయి తేడా తెలియదు. మండలి ఖతి గీతలు ఒక మోస్తరు మందంలో ఉంటాయి, చిన్న పరిమాణంలోనూ చదవడానికి వీలవుతుంది. మా ప్లేట్లన్నీ దానితోనే చేయించాము.

మరొక ప్రమాదం ఫోనులో పంపే పేర్లతో వస్తుంది. మనం వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ తెలుగు. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడే చోట దాన్ని అతికిస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, అప్పుడు ఆపరేటరు "అను" అనే, యూనికోడ్ కాని పాత తరహా ఖతులలో మళ్ళీ టైపు చేస్తాడు. తప్పులు దొర్లేది అక్కడే. ఒక ఏడాది మాకు వచ్చిన అయిదు షీల్డుల మీద "ప్రథమ" బదులు "ప్రధమ" అని ఉన్నది. "తృతీయ" కు బదులు "త్రుతీయ", "జ్ఞాపిక" కు బదులు "జ్నాపిక" కూడా తరచుగా కనబడే తప్పులే. తెలుగు చెప్పి బతికినవాడిని కనుక, తప్పు అక్షరంతో ఉన్న షీల్డును వేదిక మీద అందజేయవలసి రావడం నాకు ఎంత కష్టం కలిగించిందో మాటల్లో చెప్పలేను. గాంధీ రోడ్డు దుకాణంలో చెక్కడానికి ముందు ప్లేటును అసలు పరిమాణంలో కాగితం మీద ముద్రించి ఇస్తారు, సంతకం పెట్టిన తరువాతే యంత్రం నడుపుతారు. ఫోను తెరమీద చూసి సరే అనకండి. తెరమీద పెద్దది చేసి చూస్తాము కాబట్టి అన్నీ స్పష్టంగానే కనబడతాయి; కాగితాన్ని చేతికందే దూరంలో పెట్టుకుని చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆ కాగితం మీదే ఒకసారి ఒక దాత ఇంటి పేరులో దీర్ఘం పోయిందని నేను పట్టుకున్నాను, అయిదు నిమిషాలలో సరిచేశారు.

గెలిచినవారి పేర్ల కోసం ఇప్పుడు పోటీ నమోదు పుస్తకంలోనే ఒక గడి పెట్టాము. యజమాని చేతనే, లేదా ఆయన చెప్పగా వారి ఇంటి పిల్లల చేతనే, పేరు ఎలా ఉండాలో పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాము. ఇంటి పేరు పూర్తిగా ఉండాలా, పొడి అక్షరమే చాలా అన్నది కూడా వారి ఇష్టమే. దాదాపు అందరూ పూర్తిగానే రాయించుకుంటున్నారు.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. చదునైన షీల్డులకు వాడే డబుల్ సైడ్ టేపునే గుండ్రటి కప్పులకూ వాడారు; వంపు మీద గట్టి రేకు నిలవక మూడు ప్లేట్లు వారంలోపే ఊడివచ్చాయి. కప్పులకు పలుచటి రేకును ముందుగా వంచి అతికించాలి, లేదా చెక్క పీఠం మీద మేకులతో బిగించాలి. చెప్పిన తరువాత ఉచితంగా మార్చి ఇచ్చారు. జనవరి మొదటి వారంలో పని ఒత్తిడి ఎక్కువగా ఉండి మొదటి ఏడాది ఒక రోజు ఆలస్యం కూడా జరిగింది. ధర విషయానికి వస్తే, పైన చెప్పిన పరిమాణంలో ప్లాస్టిక్ ప్లేటుకు 120 రూపాయలు, స్టీలు ప్లేటుకు 250 రూపాయలు తీసుకున్నారు. ముద్రించిన స్టిక్కరుతో పోలిస్తే ఇది ఎక్కువే. షీల్డుల ఎత్తును 24 అంగుళాల నుంచి 18 అంగుళాలకు తగ్గించి ఆ మిగులును ప్లేట్లకు మళ్ళించాము కనుక మొత్తం ఖర్చు పెద్దగా పెరగలేదు. ఎత్తు తగ్గిందని మొదట్లో గొణిగినవారు ఉన్నారు, కానీ పేరు చెక్కిన ప్లేటు చేతికి వచ్చిన తరువాత ఏ రైతూ ఎత్తు గురించి అడగలేదు.

రోలింగ్ షీల్డుకు మాత్రం వేరే ఏర్పాటు చేసుకున్నాము. ఏటేటా విడిగా చేయిస్తే రేకు రంగు, మందం, మూలల గుండ్రదనం మారిపోయి షీల్డు అతుకుల బొంతలా కనబడుతుంది. అందుకని ఒకే స్టీలు రేకు నుంచి ఒకే కొలతతో 12 ఖాళీ ప్లేట్లు ఒకేసారి కోయించి, స్క్రూల రంధ్రాలతో సహా దుకాణంలోనే ఉంచాము. ఖతి, అక్షరం పరిమాణం రాసిన కాగితం కూడా వాటితోనే కవరులో పెట్టించాను. రెండు ప్లేట్లు ఇప్పటికే చెక్కి షీల్డు మీద బిగించారు. పది మిగిలి ఉన్నాయి. వచ్చే సంక్రాంతి షీల్డుల పై ప్లేట్ల వివరాలను డిసెంబరు మొదటి వారంలోనే అందజేస్తానని దుకాణం యజమానికి మాట ఇచ్చాను.