ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు: సీఎస్‌వీనా, డైరెక్ట్ లింకా?

గుంటూరు మిర్చి కొట్లో పాత లెక్కలు ఒరాకిల్‌లో, కొత్త సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌లో ఉన్నాయనుకోండి. రెండూ డేటాబేస్‌లే; పాత లెక్కలను ఇటు తేవాలి.

సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్, తేలిక; ఎవరైనా తెరిచి చూడొచ్చు. కానీ అందులో అంతా అక్షరాలే; ఇది తేదీ, ఇది అంకె అని చెప్పే టైపులుండవు. 05-06 అంటే జూన్ ఐదా, మే ఆరా? మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే 00457 లాట్ నంబర్ కాస్తా 457 అయిపోతుంది.

డైరెక్ట్ లింక్ అంటే ఒరాకిల్ ఎఫ్‌డీడబ్ల్యూ, పోస్ట్‌గ్రెస్ నుంచే ఒరాకిల్ టేబుళ్లను నేరుగా చదివించే ఎక్స్‌టెన్షన్. అందులో ప్రతి కాలమ్‌కూ టైపు ముందే చెప్పాలి. పని ఎక్కువే, అయినా నా ఓటు దీనికే. ఒరాకిల్ డేట్‌లో టైమ్ కూడా ఉంటుంది; ఇటువైపు డేట్ అని రాస్తే కాటా వేసిన సమయం పోతుంది, టైమ్‌స్టాంప్ అనే రాయండి. తూకానికి ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే టైపు) వద్దు, న్యూమరిక్ (కచ్చితంగా దాచేది) పెట్టండి. రైతు డబ్బు అది. తిరిగి ఒరాకిల్‌కు పంపేటప్పుడు తెలుగు పేర్లతో జాగ్రత్త: అక్కడ వర్‌చార్2 (అక్షరాలు దాచే టైపు) పొడవు మామూలుగా బైట్లలో లెక్క, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ‘మిర్చి’కే 18 బైట్లు పడతాయి.